ట్రైబ్ ఆఖరి ఆల్బమ్: ఎన్నికల నీడలో విన్న పాటలు

న్యూయార్క్ హిప్ హాప్ బృందం 'ఏ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్' ఆరవదీ ఆఖరిదీ అయిన స్టూడియో ఆల్బమ్ 'వియ్ గాట్ ఇట్ ఫ్రమ్ హియర్... థాంక్యూ ఫర్ యువర్ సర్వీస్' 2016 నవంబర్ 11న ఎపిక్ రికార్డ్స్ నుంచి వచ్చింది. దానికి ముందరి ఆల్బమ్ వెలువడి అప్పటికి 18 ఏళ్లు గడిచాయి. ఆ ఏడాది మార్చి 22న బృందంలోని ఇద్దరు ప్రధాన ర్యాపర్లలో ఒకడైన ఫైఫ్ డాగ్ 45 ఏళ్ల వయసులో మధుమేహ సమస్యలతో చనిపోయాడు. ఆల్బమ్ విడుదలకు మూడు రోజుల ముందు డొనాల్డ్ ట్రంప్ అమెరికా అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఒక చావు, ఒక ఎన్నిక. ఈ రెండింటినీ పక్కనపెట్టి ఆల్బమ్‌ను విన్నవాళ్లు ఆ రోజుల్లో దాదాపు లేరు. దానికి దక్కిన ప్రశంసలో పాటల వాటా ఎంత, సందర్భం వాటా ఎంత అన్న ప్రశ్న అందుకే అప్పుడు గట్టిగా వినబడలేదు. ఇప్పుడు అడగడం సులువు.

బృందం పుట్టింది క్వీన్స్ ప్రాంతంలోని సెయింట్ ఆల్బన్స్ పేటలో, 1985 ప్రాంతంలో. క్యూ-టిప్, ఫైఫ్ చిన్ననాటి స్నేహితులు. డీజే అలీ షహీద్ ముహమ్మద్, జరోబీ వైట్ మిగతా ఇద్దరు. జంగిల్ బ్రదర్స్, డి లా సోల్ బృందాలతో కలిసి వీళ్లు 'నేటివ్ టంగ్స్' అనే కూటమిగా పేరు పడ్డారు. తుపాకులూ గొలుసులూ లేకుండా, హాస్యంతో, జాజ్ పరిమళంతో ర్యాప్ చేయవచ్చని నిరూపించిన కూటమి అది. 1990లో వచ్చిన తొలి ఆల్బమ్‌కు 'ది సోర్స్' పత్రిక అయిదుకు అయిదు మైకులు ఇచ్చింది. ఆ పత్రిక అంతకుముందు ఏ ఆల్బమ్‌కూ అన్ని ఇవ్వలేదు. 1991 నాటి 'ది లో ఎండ్ థియరీ', 1993 నాటి 'మిడ్‌నైట్ మరోడర్స్' హిప్ హాప్ చరిత్రలో పాఠ్యగ్రంథాల స్థాయికి చేరాయి. ఈ రెండింటిలో మొదటిదాని కోసం జాజ్ దిగ్గజం రాన్ కార్టర్ స్వయంగా వచ్చి బేస్ వాయించాడు. గొంతుల జోడీ కూడా సరిగ్గా కుదిరింది. క్యూ-టిప్‌ది ముక్కుతో పలికే మెత్తని, ఆలోచనాపరుడి గొంతు. ఫైఫ్‌ది ట్రినిడాడ్ మూలాల యాస కలిసిన పదునైన, ఎకసెక్కపు గొంతు. ఒకడు మేడ మీది కిటికీలోంచి వీధిని చూస్తుంటే రెండోవాడు ఆ వీధిలోనే నిలబడి మాట్లాడుతున్నట్టు ఉండేది.

తర్వాతి రెండు ఆల్బమ్‌ల నాటికి ఆ జోడీలో పగుళ్లు వచ్చాయి. ఫైఫ్ అట్లాంటాకు మకాం మార్చాడు. నిర్మాణ బాధ్యత క్యూ-టిప్, అలీ, డెట్రాయిట్ యువకుడు జే డిల్లా కలిసిన 'ది ఉమ్మా' చేతికి వెళ్లింది. 1996 నాటి 'బీట్స్, రైమ్స్ అండ్ లైఫ్' బిల్‌బోర్డ్ జాబితాలో మొదటి స్థానం అందుకున్నా, అందులో పాత ఉత్సాహం తగ్గిందని అభిమానులే అన్నారు. 1998 ఆరంభంలో క్యూ-టిప్ ఇంట్లో మంటలు లేచి రికార్డుల భాండాగారమూ, విడుదల కాని పాటలూ కాలిపోయాయి. అదే ఏడాది 'ది లవ్ మూవ్‌మెంట్' రాకముందే బృందం విడిపోతున్నట్టు ప్రకటించింది. ఆ ఆల్బమ్ సెప్టెంబర్ 29న వచ్చింది. జే-జీ, అవుట్‌కాస్ట్, బ్లాక్ స్టార్ ఆల్బమ్‌లు కూడా అదే రోజు విడుదలయ్యాయి. ఆ వరసలో ట్రైబ్ వీడ్కోలు పెద్దగా ఎవరి చెవినా పడలేదంటే అతిశయోక్తి కాదు.

ఆ తర్వాత అప్పుడప్పుడూ కలిసి కచేరీలు చేశారు, ఎక్కువగా డబ్బు కోసమూ, ఫైఫ్ వైద్యం ఖర్చుల కోసమూ. ఫైఫ్‌కు 1990లోనే మధుమేహం బయటపడింది. 2008లో అతని భార్య కిడ్నీ ఇచ్చింది. ఆ ఏడాది కచేరీ యాత్రలో క్యూ-టిప్‌కూ అతనికీ మధ్య సాగిన గొడవలు మైకేల్ రాపపోర్ట్ 2011లో తీసిన డాక్యుమెంటరీలో అందరి ముందుకూ వచ్చాయి. ఆ సినిమాను క్యూ-టిప్ బహిరంగంగా తప్పుపట్టాడు. సన్‌డాన్స్ ఉత్సవంలో తొలి ప్రదర్శనకు బృందం నుంచి ఫైఫ్ ఒక్కడే వెళ్లాడు. ఇద్దరూ మళ్లీ ఒక స్టూడియోలో కూర్చుంటారని ఆనాడు ఎవరూ పందెం కాసేవారు కాదు.

మలుపు 2015 నవంబర్ 13న వచ్చింది. తొలి ఆల్బమ్ పాతికేళ్ల ముద్రణ సందర్భంగా జిమ్మీ ఫాలన్ టీవీ కార్యక్రమంలో నలుగురూ కలిసి పాడారు. ప్యారిస్‌పై ఉగ్రవాదులు దాడి చేసిన రాత్రి అదే. ఆ వేదిక మీద పుట్టిన ఊపుతోనే కొత్త ఆల్బమ్ చేయాలన్న నిర్ణయానికి వచ్చామని క్యూ-టిప్ తర్వాత చెప్పాడు. న్యూజెర్సీలోని అతని ఇంటి స్టూడియోలో పని రహస్యంగా మొదలైంది. క్యూ-టిప్ ఒక షరతు పెట్టాడు: పాడేవాళ్లు ఎవరైనా సరే స్టూడియోకు వచ్చి పాడాలి, గొంతు రికార్డు చేసి ఈమెయిల్‌లో పంపడం కుదరదు. 2016 నాటి పరిశ్రమ పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు. అప్పటికి ర్యాప్ ఆల్బమ్‌లలో చాలామంది అతిథులు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పాటలు పూర్తి చేస్తున్నారు. ఫైఫ్ డయాలిసిస్ చేయించుకుంటూనే కాలిఫోర్నియా నుంచి న్యూజెర్సీకి వచ్చి పని చేశాడు. మార్చిలో అతను పోయేనాటికి ఆల్బమ్ సగం దారిలో ఉంది. మిగతాది క్యూ-టిప్ పూర్తి చేశాడు. ఆల్బమ్ పేరు ఫైఫ్ పెట్టిందే. దాని అర్థం ఏమిటో మిగతావారికి సరిగా తెలియకపోయినా అతని ఎంపిక కాబట్టి అలాగే ఉంచారు. ఆ పేరులో సైనికులకు కృతజ్ఞత చెప్పేటప్పుడు అమెరికన్లు వాడే మాట ఉంది. విడుదలైన నవంబర్ 11 ఆ దేశంలో మాజీ సైనికుల దినం.

ఆల్బమ్ ఎనిమిదేసి పాటల రెండు భాగాలు, మొత్తం గంట నిడివి. నిర్మాణం ప్రధానంగా క్యూ-టిప్‌ది. బ్లెయిర్ వెల్స్ తోడ్పడ్డాడు. 'ల్యూక్ కేజ్' ధారావాహికకు సంగీతం సమకూర్చే పనిలో ఉన్న అలీ ఇందులో పెద్దగా కనబడడు. ఇది చిన్న విషయం కాదు. తొలి మూడు ఆల్బమ్‌ల పొదుపైన, నిలకడైన లూప్‌లలో అతని చేయి ఉంది. ఇక్కడ ఆ పొదుపు లేదు. డ్రమ్స్, బేస్, కీబోర్డు క్యూ-టిప్ స్వయంగా వాయించాడు. పాట మధ్యలో తాళం మారుతుంది, గిటారు చొరబడుతుంది, ఒక గొంతు మొదలుపెట్టిన వాక్యాన్ని మరొకటి అందుకుని ముగిస్తుంది. శాంపిళ్ల ఎంపిక కూడా జాజ్ గడప దాటింది. 'వియ్ ద పీపుల్' డ్రమ్స్ బ్లాక్ సబ్బాత్ పాటలోంచి వచ్చాయి, 'మోబియస్'కు ఆధారం బ్రిటిష్ ప్రోగ్రెసివ్ రాక్ బృందం జెంటిల్ జయంట్. ఫైఫ్‌కు నివాళిగా సాగే 'లాస్ట్ సంబడీ' జర్మన్ బృందం క్యాన్ తాళం మీద నడుస్తుంది. 'సాలిడ్ వాల్ ఆఫ్ సౌండ్'లో ఎల్టన్ జాన్ పాత పాట శాంపిల్‌తో పాటు అతనే స్వయంగా వచ్చి గొంతు కలిపాడు. జాక్ వైట్ గిటారు చాలా చోట్ల వినిపిస్తుంది.

బస్టా రైమ్స్, క్యూ-టిప్ బంధువు కాన్సీక్వెన్స్ అతిథులుగా కాక ఇంటివాళ్లలాగే పాట పాటకూ వస్తుంటారు. ఆండ్రే 3000, కెండ్రిక్ లామార్, ఆండర్సన్ పాక్, టాలిబ్ క్వెలీ ఒక్కో పాటలో కనబడతారు. కాన్యే వెస్ట్‌కు దక్కింది ఒక పల్లవి ముక్క మాత్రమే. ఇంత పెద్ద పేర్లను ఇంత తక్కువగా వాడుకున్న ఆల్బమ్‌లు ఎక్కువ లేవు, అది దీని సుగుణాల్లో ఒకటి. అన్నిటికన్నా ఆశ్చర్యం జరోబీ. 1991లో వంట వృత్తి వైపు వెళ్లిపోయిన అతను పాత ఆల్బమ్‌లలో గొంతు విప్పింది చాలా తక్కువ. ఇక్కడ పూర్తి చరణాలు పాడాడు, అవి బాగున్నాయి కూడా.

వస్తువు విషయానికి వస్తే తొలి పాట 'ది స్పేస్ ప్రోగ్రామ్' పేదలనూ నల్లవారినీ భూమి మీద వదిలి ధనికులు అంతరిక్షానికి ఎగిరిపోయే ఊహ మీద నడుస్తుంది. అందులో పేటలు ఖరీదైనవిగా మారి పాత నివాసులు తరిమివేయబడే నేటి కథ దాగి ఉంది. 'వియ్ ద పీపుల్' పేరు అమెరికా రాజ్యాంగ పీఠికలోని తొలి మాటలు. దాని పల్లవిలో నల్లవారు, మెక్సికన్లు, పేదలు, ముస్లింలు, స్వలింగ సంపర్కులు దేశం వదిలిపోవాలని ఒక గొంతు వరసగా హుకుం జారీ చేస్తుంది. ద్వేషించేవాడి మాటను అతని గొంతుతోనే, మెత్తని బాణీలో పాడడమే ఆ పాటలోని పదును. 'వాటెవా విల్ బీ', 'ది కిల్లింగ్ సీజన్' పోలీసు హింసనూ, నల్లజాతి యువకుణ్ణి చూసే చూపునూ పట్టుకుంటాయి. 'మెలటోనిన్'లో నిద్రపట్టని మనిషి ఆందోళన ఉంది. 'డిస్ జెనరేషన్' తరాల ముచ్చట. ఇందులో క్యూ-టిప్ జోయీ బ్యాడాస్, ఎర్ల్ స్వెట్‌షర్ట్, కెండ్రిక్, జె. కోల్‌లను పేరుపేరునా తలచి, ర్యాప్ వారసత్వానికి వారే కాపలాదారులంటాడు. పెద్దలు పిల్లలను తిట్టిపోయడం ఈ కళలో మామూలు వ్యవహారం కాబట్టి ఇది చెప్పుకోదగిన ఔదార్యం.

ఫైఫ్ గొంతు మొదటి అయిదు పాటల్లోనూ ఉంటుంది. ఆ తర్వాత పలచబడుతూ, రెండో భాగంలో అక్కడక్కడా మాత్రమే వస్తుంది. ఇది ముందే వేసుకున్న పథకం కాకపోవచ్చు. అయినా వరసగా వినేవారికి ఆ ఖాళీ తెలుస్తూనే ఉంటుంది. 'బ్లాక్ స్పాజ్మాడిక్'లో ఫైఫ్ తన కరీబియన్ యాసలో పాడిన తర్వాత, అవతలి లోకం నుంచి ఫైఫ్ తనతో మాట్లాడుతున్నట్టుగా క్యూ-టిప్ ఒక చరణం అందుకుంటాడు. విలపించడం మానేసి పని చూడమని చనిపోయిన స్నేహితుడు చీవాట్లు పెడతాడు. ఆల్బమ్ మొత్తంలో ఇంతకన్నా గొప్ప రచన లేదు. నివాళి పాటల్లో సాధారణంగా పేరుకునే తీపిని ఆ చీవాట్లు విరిచేశాయి. ఆఖరి పాట 'ది డొనాల్డ్' పేరు చూసి చాలామంది ట్రంప్ మీద దాడి అనుకున్నారు. అది ఫైఫ్ మారుపేర్లలో ఒకటైన 'డాన్ జ్యూస్'ను తలచుకునే వీడ్కోలు పాట.

లోపాలు లేవని కాదు. రెండో భాగం మధ్యలో కూర్పు సడలుతుంది. 'ఈగో' వంటి పాటలు ఆలోచనగా బాగున్నా పాటగా నిలబడవు. కాన్సీక్వెన్స్ చరణాలు రెండు మూడు తీసేసినా నష్టం ఉండదు. చరణాలను తుంచి తుంచి పంచుకునే పద్ధతి ఉత్సాహాన్నిస్తుంది గానీ, పాత ట్రైబ్ పాటల్లోలా ఒక గొంతు నింపాదిగా ఒక కథ చెప్పే అవకాశాన్ని తగ్గించింది.

విమర్శకుల ఆదరణ మాత్రం దాదాపు ఏకగ్రీవం. సమీక్షల సగటు కట్టే మెటాక్రిటిక్‌లో 91 మార్కులు వచ్చాయి. పిచ్‌ఫోర్క్ పత్రిక పదికి 9 ఇచ్చి ఉత్తమ కొత్త సంగీతం గుర్తింపు తగిలించింది. ఏడాది చివరి జాబితాల్లో చాలావాటిలో పై వరసల్లో నిలిచింది. అమ్మకాల్లో తొలి వారం 1,35,000 ఆల్బమ్ యూనిట్లతో బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి చేరింది, ఇరవై ఏళ్ల తర్వాత బృందానికి అది రెండో శిఖరం. ఈ అంకెలో ఒక వివరం గమనించాలి. 1,12,000 నేరుగా కొన్న ప్రతులు, స్ట్రీమింగ్ వాటా కొద్దిపాటిది. స్ట్రీమింగ్ మీద కొత్త ర్యాప్ తారలు పుట్టుకొస్తున్న రోజుల్లో ట్రైబ్‌ను శిఖరానికి మోసింది ఆల్బమ్‌ను డబ్బు పెట్టి కొనే అలవాటున్న పాత శ్రోతలే అనుకోవడానికి ఇది ఆధారం. కెండ్రిక్, పాక్ ఉన్నా కుర్రకారు అంత పెద్ద సంఖ్యలో రాలేదు.

విడుదల మర్నాడు, నవంబర్ 12న, డేవ్ షాపెల్ నిర్వహించిన 'సాటర్డే నైట్ లైవ్'లో బృందం పాడింది. పాట నడుస్తుండగా వెనక ఫైఫ్ చిత్రం ఉన్న నిలువెత్తు తెర దిగింది, అతని చరణం రికార్డు నుంచి వినిపించింది. ఎన్నికల ఫలితం వచ్చి నాలుగు రోజులే అయిన దేశంలో 'వియ్ ద పీపుల్' ఎలా వినబడిందో ఊహించవచ్చు. ఆ రాత్రి నుంచి ఆల్బమ్‌కు ప్రతిఘటన సంగీతం అన్న ముద్ర పడింది. జోస్యం చెప్పారని రాసినవారూ ఉన్నారు.

ఆ మాట సరికాదు. పాటల రచన, రికార్డింగు ఎన్నికకు ఎంతో ముందే సాగాయి. ఆ కాలమంతా వైట్‌హౌస్‌లో ఒబామా ఉన్నాడు. ఫెర్గూసన్‌లో 2014 ఆగస్టులో మైకేల్ బ్రౌన్‌ను పోలీసు కాల్చి చంపిన తర్వాత రేగిన కోపం, బ్లాక్ లైవ్స్ మ్యాటర్ ఊరేగింపులు, ఖరీదైన ఇళ్ల కింద కనుమరుగవుతున్న పాత పేటలు, 2015 నుంచి సాగుతున్న ఎన్నికల ప్రచారంలోని ముస్లిం, మెక్సికన్ వ్యతిరేక మాటలు ఈ పాటల ముడిసరుకు. ఫలితం మరోలా వచ్చి ఉంటే ఇవే పాటలు ఇంతే నిజంగా ఉండేవి, ఇంత గట్టిగా వినబడేవి కావు. నిజానికి ఆల్బమ్‌లో అధికారంలో ఉన్నవారి మీద కోపం కన్నా, ఒక సమాజంగా మిగిలి ఉండడం గురించిన చింత ఎక్కువ. అందరూ ఒక గదిలో కూర్చుని పాడాలన్న షరతు ఆ చింతకు ఆచరణ రూపం. ఎన్నిక కోణంలోంచే విన్న సమీక్షలు చాలావరకు దీన్ని పట్టించుకోలేదు.

రాజకీయ ముద్రను బృందం కాదనుకోలేదన్నదీ వాస్తవమే. 2017 ఫిబ్రవరి 12న గ్రామీ వేదిక మీద పాక్, బస్టా, కాన్సీక్వెన్స్‌లతో కలిసి చేసిన ప్రదర్శనలో బస్టా అధ్యక్షుణ్ణి ఏజెంట్ ఆరెంజ్ అని ఎద్దేవా చేసి, ముస్లింల ప్రవేశాన్ని అడ్డుకునే ప్రయత్నాన్ని దుయ్యబట్టాడు. ఒక గోడను బద్దలుకొట్టుకుని బృందం ముందుకు వచ్చింది. రకరకాల జాతుల, దుస్తుల మనుషులు వేదికెక్కారు. ప్రతిఘటించండి అని క్యూ-టిప్ నాలుగుసార్లు అరిచాడు. అదే నెలలో లండన్‌లో బ్రిట్ అవార్డుల అంతర్జాతీయ బృందం పురస్కారం ట్రైబ్‌కు దక్కింది.

గ్రామీ సంస్థ మాత్రం వేదిక ఇచ్చి, పళ్లెంలో ఏమీ వడ్డించలేదు. సెప్టెంబర్ 30 గడువు తర్వాత విడుదల కావడంతో ఆల్బమ్ ఆ తర్వాతి ఏడాది పోటీకి వెళ్లింది. 2017 నవంబర్‌లో నామినేషన్లు వెలువడినప్పుడు ఒక్క విభాగంలోనూ దాని పేరు లేదు. ఉత్తమ ర్యాప్ ఆల్బమ్ వరసలో కెండ్రిక్ లామార్, జే-జీ, మిగోస్, రాప్సోడీ, టైలర్ ద క్రియేటర్ ఉన్నారు. ఆ అయిదింటిలో ఏది తీసేయాలో చెప్పడం తేలిక కాదు, కానీ ఏడాది ముందు అంత ఏకగ్రీవంగా మెచ్చుకున్న ఆల్బమ్ పూర్తిగా మాయమవడం ఆశ్చర్యమే. తమ చేత పాడించుకుని పక్కన పెట్టారని క్యూ-టిప్ సామాజిక మాధ్యమాల్లో కోపంగా మాట్లాడాడు. సందర్భం తెచ్చిపెట్టిన కీర్తికి ఆయుష్షు తక్కువన్న వాదనకు ఈ ఉదంతాన్ని సాక్ష్యంగా చూపవచ్చు. పరిశ్రమ ఓటర్లకు ర్యాప్ పట్ల ఉన్న పాత నిర్లక్ష్యమే దీనికి కారణమన్న వాదనకూ అంతే బలం ఉంది.

ఇతర బృందాల చివరి ఆల్బమ్‌ల పక్కన పెట్టి చూస్తే దీని విలువ ఇంకా తేటపడుతుంది. రన్-డీఎమ్‌సీ 2001 నాటి 'క్రౌన్ రాయల్' అతిథుల గుంపుతో నిండిపోయింది, ఇద్దరు ర్యాపర్లలో ఒకడైన డీఎమ్‌సీ అందులో దాదాపు లేడు, విమర్శకులు తిప్పికొట్టారు. అవుట్‌కాస్ట్ 2006లో 'ఐడిల్‌వైల్డ్'తో ఆగిపోయింది, ఇద్దరూ చెరో దారిన పాడిన పాటలే అందులో ఎక్కువ. బీస్టీ బాయ్స్ 2011 నాటి 'హాట్ సాస్ కమిటీ పార్ట్ టూ' సరదాగా, చురుగ్గా ఉంది, మరుసటి ఏడాది ఆడమ్ యౌక్ క్యాన్సర్‌తో పోవడంతో అదే ఆఖరిదైంది. గ్యాంగ్ స్టార్ 2019 ఆల్బమ్‌ను డీజే ప్రీమియర్ 2010లోనే మరణించిన గురూ పాత రికార్డింగుల నుంచి అల్లాడు. అల్లిక నేర్పుగానే ఉన్నా ఇద్దరు మనుషులు ఎదురెదురుగా మాట్లాడుకున్న వేడి రాదు. ట్రైబ్ ఆల్బమ్‌లో ఆ వేడి ఉంది. ఇది చివరిదని ఫైఫ్‌కు తెలిసినా తెలియకపోయినా అతను పాడింది స్నేహితుల ఎదుట కూర్చునే.

2016 నవంబర్‌లోనే లిండెన్ బులెవార్డ్, 192వ వీధి కూడలికి న్యూయార్క్ నగరం ఫైఫ్ పేరు పెట్టింది. బృందం 2017లో చివరి విడత కచేరీలు చేసి, సెప్టెంబర్‌లో ఇంగ్లండ్‌లోని బెస్టివల్ వేదిక మీద ముగించింది. వారెన్ ఫు దర్శకత్వంలో 'ది స్పేస్ ప్రోగ్రామ్' వీడియో 2018 మార్చిలో వచ్చింది. ఫైఫ్ సొంత ఆల్బమ్ 'ఫరెవర్' అతను పోయి ఆరేళ్లు నిండిన రోజున, 2022లో విడుదలైంది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ రెండు విఫల నామినేషన్ల తర్వాత 2024లో బృందాన్ని చేర్చుకుంది.

బృందం కృషిలో దీని స్థానం గురించి వాదన ఇంకా తెగలేదు. 'ది లో ఎండ్ థియరీ', 'మిడ్‌నైట్ మరోడర్స్' తర్వాతి స్థానం తొలి ఆల్బమ్‌కు ఇవ్వాలా దీనికి ఇవ్వాలా అన్నదే చిక్కు. తొలి ఆల్బమ్‌లో కొత్తదనం ఎక్కువ, రచనలో పరిణతి తక్కువ. ఇందులో అది తారుమారైంది. మిగతా రెండు ఆల్బమ్‌ల కన్నా ఇది పైదని మాత్రం ఇప్పుడు ఎవరూ పెద్దగా కాదనడం లేదు.